పక్కన అపార్ట్‌మెంట్ లేస్తోంది... అద్దెకుండే వాళ్లకి హక్కులేమైనా ఉన్నాయా?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, మా పక్కన పెద్ద బిల్డింగ్ కడుతున్నారు, నిద్ర లేదు, గోడలకి పగుళ్లు వచ్చాయి, మేం అద్దెకున్నోళ్లం, మా మాట ఎవరు వింటారు?" అని. ఈ బాధ నేనూ పడ్డాను కాబట్టి, ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం. కొంచెం చట్టం వస్తుంది, భయపడకండి, సులువుగానే చెప్తాను.

ముందు నా కథ. మేం ఖమ్మంలో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. రెండు గదులు, ఒక వంటగది. పక్కన ఖాళీ జాగా. మా అమ్మ అక్కడ మొలిచిన గోంగూర కోసుకొచ్చేది. ఒకరోజు జేసీబీ వచ్చింది. రెండు రోజుల్లో గోంగూర పోయింది, వారంలో గుంత పడింది, కింద రాయి తగిలింది. ఇక బ్రేకర్ మిషన్ మొదలైంది. మన ఖమ్మం నేల సంగతి తెలుసుగా, కొంచెం తవ్వితే బండే. పొద్దున ఏడింటికి మొదలుపెడితే గిన్నెల స్టాండు దడదడలాడేది. చెల్లికి ఇంటర్ పరీక్షలు, అమ్మకి బీపీ. ఓనర్ ఆంటీకి చెప్తే, "కట్టేటప్పుడు చప్పుడు కాకుండా ఎట్లా కడతారు బాబూ, సర్దుకోవాలె" అంది. ఆమె అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం ఏంటో, మిగతా సగం ఏంటో తెలుసుకోవడమే ఈ ఎపిసోడ్.

అయితే ఇది ఉత్త చప్పుడు, దుమ్ము గొడవే అనుకోవద్దు. 2025 మార్చి 26 గుర్తుందా? బుధవారం. భద్రాచలంలో శ్రీరామనవమికి ఇంకా పదకొండు రోజులు. ఊరంతా కల్యాణం పనుల్లో ఉంది. కడుతూ ఉన్న బహుళ అంతస్తుల భవనం ఒకటి ఉన్నట్టుండి కుప్పకూలింది. లోపల పని చేస్తున్న ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. పాత కట్టడం మీదే అంతస్తులు లేపుకుంటూ పోయారనీ, సరైన అనుమతులు లేవనీ అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఆ రాత్రంతా శిథిలాలు తీస్తుంటే మేం ఖమ్మంలో ఫోన్లు పట్టుకుని చూస్తూ కూర్చున్నాం. అమ్మ ఒక్క మాట అడిగింది: "ఆ పక్కింట్లో ఎవరుంటున్నారో?" అప్పటిదాకా నేను ఆ కోణంలో ఆలోచించలేదు.

భద్రాచలంలో ఇంత ఎత్తుకి ఎందుకు కడతారని మీకు అనుమానం రావచ్చు. ఒక పక్క గోదావరి, చుట్టూ అడవి, ఏజెన్సీ. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు భద్రాచలం ఊరు తెలంగాణలో ఉండి, చుట్టుపక్కల ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు లాంటివి ఆంధ్రలోకి వెళ్లాయి. ఊరికి పక్కకి పెరిగే చోటు లేదు. పైగా వరద. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటింది. కాబట్టి ఎత్తు మీదున్న జాగాకి గిరాకీ ఎక్కువ. భక్తులకి గదులు కావాలి, ఉద్యోగులకి అద్దిళ్లు కావాలి. అందుకే ఊరు పైకి పెరుగుతోంది. కానీ అది ఇప్పటికీ గ్రామ పంచాయతీ. పంచాయతీ సొంతంగా ఇవ్వగలిగే పర్మిషన్ స్థూలంగా జీ ప్లస్ టూ, అంటే పది మీటర్ల ఎత్తు వరకే. అంతకు మించితే పైవాళ్ల సాంకేతిక అనుమతి ఉండాలి. దానికి తోడు అక్కడ 1/70 చట్టం ఉంది, గిరిజనేతరులకి భూమి బదలాయింపు కుదరదు. ఇన్ని చిక్కుల మధ్య ఎవరైనా నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు వేస్తున్నారంటే "కాగితం ఏది?" అని అడగడం తప్పు కాదు.

సరే, ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, చప్పుడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు అని ఉన్నాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. మనం మామూలుగా మాట్లాడుకునేదే ఇంచుమించు 60 ఉంటుంది. కాబట్టి పగలు బ్రేకర్ నడిస్తే 55 దాటుతుంది, అందులో సందేహం లేదు. అయితే ఫిర్యాదు చేయాలంటే పరిమితి కంటే పది డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని నిబంధన. అంటే పగలు 65. ఇక్కడ ఓనర్ ఆంటీ చెప్పిన సగం నిజం వస్తుంది: పర్మిషన్ ఉన్న బిల్డింగ్ పనిని, పగటిపూట, చప్పుడవుతోందని పూర్తిగా ఆపించడం మీ వల్ల కాదు. ఆశ పెట్టుకోవద్దు.

రాత్రి మాత్రం కథ వేరు. నివాస ప్రాంతాల్లో, ఆస్పత్రులు, బడుల దగ్గర ఉండే నిశ్శబ్ద ప్రాంతాల్లో చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు రాత్రిపూట వాడకూడదని 2010లో సవరణ తెచ్చి స్పష్టంగా రాశారు. దీనికి డెసిబెల్ లెక్క కూడా అక్కర్లేదు. రాత్రి పదకొండింటికి మిక్సర్ తిరుగుతోందంటే అదే ఉల్లంఘన.

మరి రాత్రే ఎందుకు పోస్తారు? కారణం ఉంది. స్లాబ్ మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పాత కాంక్రీట్ గట్టిపడిపోయి కొత్తది దానికి సరిగ్గా అతకదు, అక్కడ బలహీనమైన అతుకు మిగిలిపోతుంది. పైగా మన మే నెల ఎండకి కాంక్రీట్‌లో నీళ్లు ఇట్టే ఆవిరైపోతాయి. అందుకని సాయంత్రం మొదలుపెడతారు, అది రాత్రిలోకి జారుతుంది. నెలకో రెండు నెలలకో ఒక స్లాబ్ రోజు అయితే, ముందే చెప్పి చేస్తే, నేనైతే సర్దుకుంటాను. రోజూ రాత్రి ఇనుప రాడ్లు దింపడం, టైల్స్ కోయడం చేస్తే దానికి ఏ కారణమూ లేదు. ఆ తేడా పట్టుకోండి. మా పక్కన రాడ్ల లారీ రాత్రి ఒంటిగంటకి వచ్చేది. రెండుసార్లు 100కి ఫోన్ చేశాను. మొదటిసారి వచ్చి చెప్పి వెళ్లారు. రెండోసారి లారీ వెనక్కి పోయింది. ఆ తర్వాత రాత్రి పని ఆగింది.

ఒక మాట, ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ ఉంటుంది కదా, అది కోర్టులో నిలబడే సాక్ష్యం కాదు, ఫోన్ మైక్ అంత కచ్చితంగా కొలవలేదు. కానీ టైమ్ కనపడేలా తీసిన వీడియో చాలా పని చేస్తుంది.

రెండోది, పగుళ్లు. ఇది అసలైన ప్రమాదం. చిన్నప్పుడు మున్నేరు ఇసుకలో గుంత తవ్వారా? కొంచెం లోతు పోగానే పక్కనున్న ఇసుక జారి గుంతలోకి వస్తుంది. పక్కన సెల్లార్ కోసం తవ్వినప్పుడు మీ ఇంటి పునాది కింద మట్టి కూడా అలాగే చేస్తుంది. అందుకే గుంత అంచుకి ఆనుడు కట్టాలి. కట్టకపోతే మీ ఇల్లు ఒక మూల కుంగుతుంది.

అన్ని పగుళ్లూ ఒకటి కాదు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుక మందాన గీతలు వస్తే చాలావరకు అవి పైపైవే. కిటికీ మూల నుంచో తలుపు మూల నుంచో ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోతున్న పగులు, రూపాయి బిళ్ల అంచు దూరేంత వెడల్పు, నిన్నటిదాకా మూసుకున్న తలుపు ఇవాళ పట్టేయడం, ఇవి చూస్తే తాత్సారం చేయొద్దు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ రాయండి. మూడు రోజులకోసారి చూసి ఫోటో తీయండి. స్కేలు పక్కన పెట్టి తీస్తే ఇంకా మంచిది. మా పడకగదిలో పగులు మూడు వారాల్లో గీత దాటి రెండు సెంటీమీటర్లు పోయింది. "పగులు వచ్చింది" అని నెల రోజులు చెప్పినా పట్టించుకోని ఆంటీ, తేదీలున్న ఆ నాలుగు ఫోటోలు చూడగానే చెప్పులేసుకుని సైట్‌కి నడిచింది. ఇంజినీర్ వచ్చాడు, గుంత పక్కన ఆనుడు కట్టారు. అప్పటిదాకా మేం ఆ గదికి తాళం వేసి అందరం హాల్లో పడుకున్నాం.

మూడోది, ఓనర్‌కీ మనకీ మధ్య సంగతి. అద్దె కాగితంలో వేరేగా రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం వర్తిస్తుంది. అందులో 108వ సెక్షన్ చూడండి. ఓనర్ చేయించాల్సిన రిపేరు మనం నోటీసిచ్చినా తగిన గడువులో చేయించకపోతే, మనమే చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. ముందు రాతపూర్వకంగా చెప్పడం ముఖ్యం, వాట్సాప్‌లో అయినా సరే, మెసేజ్ ఉండాలి. ఓనర్‌ని అడక్కుండా, చెప్పకుండా అద్దె ఆపేస్తే మాత్రం తప్పు మనదవుతుంది. ఇక నెలనెలా అద్దెకుంటుంటే ఖాళీ చేయడానికి 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. కాగితంలో నెల అని రాసుంటే నెల ఇవ్వాలి.

నాలుగోది, ఆ బిల్డింగ్‌కి అసలు పర్మిషన్ ఉందా? 500 చదరపు మీటర్లు దాటిన జాగా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన ప్రాజెక్ట్ అమ్మకానికి కడుతుంటే రెరాలో నమోదు కావాలి. రెరా వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో తెలుస్తుంది. అక్కడ దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. దీనికి మీరు సొంతింటివాళ్లు కానక్కర్లేదు, పౌరులైతే చాలు. గ్రామ పంచాయతీలో ఫీజు లేదు, మండల ఆఫీసులో ఐదు రూపాయలు, కార్పొరేషన్‌లో పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటలు. "ఈ చిరునామాలో ఇచ్చిన నిర్మాణ అనుమతి, ఆమోదించిన ప్లాన్ నకలు ఇవ్వండి" అని ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. ప్లాన్ చేతికొస్తే చూడాల్సింది రెండే: ఎన్ని అంతస్తులు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి. 2012 నాటి 168 జీవో ప్రకారం పద్దెనిమిది మీటర్లు దాటితే హైరైజ్, దానికి నాలుగు వైపులా కనీసం ఏడు మీటర్లు వదలాలి. మీ కిటికీలోంచి చెయ్యి చాపితే సెంట్రింగ్ కర్రలు తగులుతున్నాయంటే లెక్క ఎక్కడో తప్పింది.

ఐదోది, ఇప్పుడే కూలేలా ఉంటే? ఆర్టీఐ జవాబు వచ్చేదాకా ఆగొద్దు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ ఇందుకే ఉంది. పడిపోయేలా ఉన్న కట్టడం వల్ల పక్కన ఉండేవాళ్లకి, అక్కడ వ్యాపారం చేసుకునేవాళ్లకి, దారిన పోయేవాళ్లకి ప్రమాదం ఉంటే, దాన్ని తీసేయమనో, సరిచేయమనో, ఆసరా పెట్టమనో ఆర్డీఓ లాంటి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ఆదేశం ఇవ్వచ్చు. "పక్కన ఉండేవాళ్లు" అంటే అందులో అద్దెకుండేవాళ్లూ ఉన్నారు. ఇల్లు ఎవరి పేరు మీద ఉందని ఆ సెక్షన్ అడగదు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి, ఫోటోలు జతచేసి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక్కళ్లు కాకుండా వీధిలో పదిమంది సంతకాలతో వెళ్తే వినే తీరు వేరుగా ఉంటుంది. అంతకన్నా ముందు, పిల్లల్ని, పెద్దవాళ్లని ఆ గోడ పక్కన పడుకోబెట్టకండి. చట్టం కన్నా ఇది ముందు.

మా సంగతి చివరికి ఏమైందంటే, చెల్లి పరీక్షలయ్యాక ఖాళీ చేశాం. పగుళ్లు మా వల్లే వచ్చాయన్నట్టు అడ్వాన్స్‌లో కోత పెట్టబోయారు. ఇంట్లో దిగిన రోజు తీసిన వీడియో, తేదీలున్న ఫోటోలు చూపిస్తే పెయింటింగ్ డబ్బులు మాత్రం పట్టుకుని మిగతాది ఇచ్చేశారు. కాబట్టి పక్కన ఏ గొడవా లేకపోయినా, ఇంట్లో దిగిన రోజే ప్రతి గోడా వీడియో తీసి పెట్టుకోండి. ఐదు నిమిషాల పని.

ఆఖరుగా ఒక్క మాట. కోపమొస్తే మనం కిటికీలోంచి అరిచేది ఎవరి మీద? కింద తట్ట మోసేవాళ్ల మీద. నేనూ అరిచాను, ఒక రాత్రి. తెల్లారి చూస్తే ఆ మనిషి పక్కన రేకుల కింద తన పిల్లని పడుకోబెట్టి, ఆ చప్పుడులోనే నిద్రపుచ్చుతున్నాడు. రాత్రి పని పెట్టమన్నది ఆయన కాదు. భద్రాచలంలో ప్రాణాలు పోయింది కూడా అలాంటి పనివాళ్లవే. మీరు తీసిన ఒక ఫోటో, మీరిచ్చిన ఒక అర్జీ మీ గోడతో పాటు ఆ గోడ కింద పనిచేసే మనిషిని కూడా కాపాడొచ్చు.

మీ వీధిలో ఇలాంటి పని నడుస్తుంటే ఈ ఎపిసోడ్ పక్కింటివాళ్లకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో అద్దె కాగితంలో ఏమేం రాయించుకోవాలో చూద్దాం. ఉంటానండీ, నమస్తే.