జీవితచరిత్ర రాసుకునే వయసా అది!

హాలీవుడ్ నటి డ్రూ బ్యారీమోర్ ఆత్మకథ ‘లిటిల్ గర్ల్ లాస్ట్’ 1990లో వచ్చింది. అప్పటికి ఆమెకు మహా అయితే పదిహేనేళ్లు! టాడ్ గోల్డ్ అనే రచయిత సాయంతో రాసిన ఆ పుస్తకం నిండా మందు, మత్తు, వాటి నుంచి బయటపడటానికి పడిన యాతనే.

ఆమె ఏడేళ్ల వయసులో, తను నటించిన ‘ఇ.టి.’ సినిమా (1982) విడుదలైంది. ఆ ఏడే ‘సాటర్‌డే నైట్ లైవ్’ టీవీ కార్యక్రమాన్ని నడిపింది. అంత చిన్న వయసులో దాన్ని నడిపినవాళ్లు మరెవరూ లేరు. పదమూడేళ్లకే మత్తు మాన్పించే కేంద్రంలో చేరింది. తాత జాన్ బ్యారీమోర్ కూడా పెద్ద నటుడే, పెద్ద తాగుబోతే.

మన నటి సావిత్రి తాగుడు కథ మాత్రం ఇతరులు చెబితేనే మనకు తెలిసింది. ఆమె కథతో ‘మహానటి’ సినిమా (2018) వచ్చేసరికి ఆమె పోయి 36 ఏళ్లు దాటింది.

మెదక్ జిల్లా ఎల్దుర్తిలో కూర్చుని హాలీవుడ్ ముచ్చట్లు మనకెందుకంటారా? మత్తు మానేటప్పటి బాధ మన మెదక్‌కు బాగానే తెలుసు. చెట్టు మీంచి దించిన కల్లు వేరు, అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు వేరు. 2015లో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేస్తే, ఉమ్మడి మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రోజూ తాగే జనం నిద్ర పట్టక, చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రుల పాలయ్యారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిక్కిరిసింది. కొత్తగా తాగి కాదు, తాగేది దొరక్క! కల్లులో కలిపే ఇలాంటి మత్తు మందులను ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పు. అందుకే డాక్టర్లు మోతాదును మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ‘గట్టిగా అనుకుంటే మానేయొచ్చు’ అనే సలహా ఇక్కడ పనికిరాదు.

ఇక డ్రూ లాంటి బాలనటుల సంపాదన సంగతి. చాప్లిన్ సినిమా ‘ది కిడ్’ (1921)లో నటించిన బాలుడు జాకీ కూగన్ సంపాదించిన లక్షల డాలర్లను తల్లి, సవతి తండ్రి ఖర్చు చేసేశారు. అతడు కోర్టుకెక్కాక, 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల సొమ్ముకు రక్షణగా చట్టం వచ్చింది. మన దేశంలో ఇలాంటి నిబంధన 2017లో గానీ రాలేదు. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరనే జాతీయీకృత బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, రోజుకు 5 గంటలు మించి పని చేయించకూడదు. ‘అంజలి’ సినిమాకు జాతీయ అవార్డు అందుకున్న మన తరుణ్, షామిలీల కాలంలో ఈ నియమాలే లేవు.

మళ్లీ మత్తు సంగతికొస్తే, ఇంట్లో ఎవరైనా దానికి చిక్కితే అడగడానికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. ఫోన్‌కు పైసా ఖర్చు లేదు.