రిపోర్టు నార్మల్ – మరి ఈ నీరసమేమిటి?

"టెస్టులన్నీ నార్మల్‌గానే ఉన్నాయమ్మా, మాత్ర మాత్రం మానకండి" అంటారు డాక్టరుగారు. ఇంటికి వచ్చిన సహోదరికి తెల్లవారి లేవడమే కష్టంగా ఉంటుంది. ఒళ్ళంతా బరువు, మతిమరుపు, దేనిమీదా మనసు నిలవదు. ఇంట్లోవారు బద్ధకమంటారు. సంఘంలో ఎవరో ఒకరు "ప్రార్థన తగ్గిందేమో" అంటారు. జబ్బు కంటే ఆ మాటే ఎక్కువ బాధిస్తుంది. అలాంటివారి కోసమే ఈ నెల మేము ఈ సంగతులు వ్రాస్తున్నాము.

దేవుడు మన గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో అమర్చిన చిన్న గ్రంథి థైరాయిడ్. అది ముఖ్యంగా రెండు హార్మోన్లను తయారు చేస్తుంది. ఎక్కువ భాగం టి4, అంటే థైరాక్సిన్. కొద్దిగా టి3. టి4 గాదెలోని ధాన్యం వంటిదైతే, టి3 వండి వడ్డించిన అన్నం వంటిది. శరీరానికి కావలసిన టి3లో దాదాపు 80 శాతం, కాలేయం, మూత్రపిండాలు మొదలైన అవయవాలలో టి4 నుండే తయారవుతుంది.

1914లో, సరిగ్గా క్రిస్మస్ రోజున, అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశారు. 1952లో లండన్‌లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ టి3ని కనుగొన్నారు. మన శరీరమే టి4ను టి3గా మార్చుకుంటుందని 1970లో రుజువైంది. అందుచేత థైరాయిడ్ తక్కువగా ఉన్నవారికి టి4 మాత్ర ఒక్కటే చాలునని వైద్యులు స్థిరపడ్డారు. చాలామందికి అది చాలుతుంది కూడా.

అయితే నూటికి అయిదు నుండి పదిమందికి రక్తపరీక్ష బాగున్నా బాధలు పోవు. వీరికి టి4తోపాటు కొద్దిగా టి3 కూడా ఇస్తే? 1999లో లిథువేనియాలో 33 మందికి టి4లో 50 మైక్రోగ్రాములు తగ్గించి, 12.5 మైక్రోగ్రాముల టి3 ఇచ్చి చూశారు. వారి మనఃస్థితి మెరుగుపడింది. ఎందరికో ఆశ కలిగింది. కాని 2006లో 11 పరిశోధనలను, సుమారు 1,200 మంది ఫలితాలను కలిపి చూస్తే, రెండు మందులకూ ఒక్క మందుకూ తేడా కనబడలేదు. అయినా కొన్ని పరిశోధనల్లో రెండు మందుల వైద్యమే మాకు బాగుందని చెప్పినవారు ఉన్నారు. అందుకే 2012లో యూరప్ థైరాయిడ్ వైద్యుల సంఘం మధ్యేమార్గం సూచించింది: నిపుణుల పర్యవేక్షణలో ప్రయత్నించవచ్చు, మూడు నెలల్లో గుణం కనబడకపోతే ఆపివేయాలి.

కాబట్టి అంతకంటే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మాత్రను పరగడుపున మంచినీళ్ళతో వేసుకుంటున్నామా? కాఫీ, టిఫిను కనీసం అరగంట ఆగి తీసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రక్తహీనత, బి12 లోపం, నిద్రలేమి, మనోవ్యాకులత ఉన్నాయేమో డాక్టరుగారిని అడిగి చూపించుకోవాలి. చాలాసార్లు నీరసానికి కారణం అక్కడే దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. ఎవరికో బాగైందని వారి మాత్ర మనం వేసుకోరాదు, మోతాదు మనమే పెంచుకోరాదు. టి3 త్వరగా పనిచేస్తుంది. ఎక్కువైతే గుండె దడ, గుండె లయ తప్పడం, ఎముకలు బలహీనపడడం జరుగుతాయి. గర్భిణులకు ఈ జంట వైద్యం తగదు. గర్భంలోని బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి టి4 అవసరం.

బదరీవృక్షము క్రింద పడుకొని ఇక చాలు ప్రభువా అన్న ఏలీయాను జ్ఞాపకం చేసుకుందాం. దేవదూత అతనిని గద్దించలేదు. అప్పమూ నీళ్ళూ ఇచ్చి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. అలసిన ప్రవక్తతో దేవుడు అలా వ్యవహరిస్తే, అలసిన మన సహోదరితో మనమెలా వ్యవహరించాలి? విశ్వాసాన్ని శంకించే మాటకు బదులు, "ఈసారి ఆసుపత్రికి నేను తోడు వస్తానక్కా" అందాం. ప్రార్థనా చేద్దాం, ఆ పూట ఆమె ఇంట పొయ్యి కూడా వెలిగిద్దాం.