లారీకో ప్యాకు, పడవకో ప్యాకు



ఈ పూట మనం మాట్లాడుకోబోయేది సెల్‌ఫోను రీచార్జి గురించి. ఇందులో చెప్పడానికేముంది, కొట్టుకెళ్ళి డబ్బులిస్తే కొట్టతనే వేస్తాడు కదా అంటారేమో. ఇంటిపట్టున ఉండేవాళ్ళకి ఆ మాట చెల్లుతుంది. కానీ మన సరిహద్దు జిల్లాల్లో ఇంటిపట్టున ఉండని తెలుగువాళ్ళు ఎంతమంది! బళ్ళారి నుంచి, హోసూరు నుంచి, షోలాపూర్ నుంచి లోడు వేసుకుని మూడు నాలుగు రాష్ట్రాలు దాటి వెళ్ళే డ్రైవరన్నలున్నారు. గోపాలపూర్‌లో, పూరీలోని పెంటకోటలో, యానాం చుట్టుపక్కల రేవుల్లో వారం పది రోజులు సముద్రం మీదే గడిపే మత్స్యకారులున్నారు. వీళ్ళ కోసం ఎదురుచూస్తూ ఇళ్ళలో ఫోను పక్కనే పెట్టుకుని కూర్చునే అమ్మలూ అక్కచెల్లెళ్ళూ ఉన్నారు. కంపెనీల ప్రకటనల్లో కనబడే ప్యాకులు ఎక్కువ భాగం ఒకే ఊళ్ళో ఉండేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. తిరిగేవాళ్ళు వాటినే వేసుకుంటే డబ్బు పోతుంది. అవసరమైన చోట ఫోను పలకదు. ఈ రెండోదే అసలు నష్టం.

మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఎన్ని జీబీలు అని కాదు. నేను వెళ్ళే దారిలో ఎవరి టవరు ఉంది అని. జీబీలు ఎన్ని ఉన్నా టవరు లేనిచోట అవి జేబులో ఉన్న చెల్లని నోట్లే.

కంపెనీకీ కంపెనీకీ టవర్లు వేరు. మీ ఊళ్ళో బాగా పలికే కంపెనీ జయపురం ఘాట్‌లోనో, సిరొంచ అడవిదారిలోనో, నల్లమలలోనో పలకకపోవచ్చు. ఇది తెలుసుకోవడానికి ఇప్పుడొక మార్గం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో చేసిన నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో చూపే పటాన్ని తన వెబ్‌సైట్లో పెట్టాలి. 2జీ, 4జీ, 5జీ దేనికదే విడిగా చూపాలి. మీ పిల్లల్లో ఎవరో ఒకరు చూసి చెప్పగలరు. ఆ పటాన్ని చూడండి గాని పూర్తిగా నమ్మకండి. కొండ మలుపులో, లోయలో పటం చెప్పినంత సిగ్నల్ ఉండదు. అదే దారిన రోజూ తిరిగే ఇద్దరు డ్రైవర్లను అడిగితే పటం చెప్పని సంగతులు తెలుస్తాయి. ధాబాలో టీ తాగే పది నిమిషాలు చాలు.

ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్ములు పడతాయి. ఆ రెండూ ఒకే కంపెనీవి వేసుకునేవాళ్ళు కనబడుతుంటారు. ఒకటి ఇంటికి, ఒకటి యజమానికి అని. ప్రయాణానికి ఇది పనికిరాదు. ఆ కంపెనీ టవరు లేనిచోట రెండూ కలిసే మూగబోతాయి. రెండు వేర్వేరు కంపెనీలవి ఉంటే ఒకటి పోయినచోట రెండోది పలకవచ్చు. రెండోదానికి పెద్ద ప్యాకు అక్కర్లేదు, మాటలు పలికేంత చిన్నది చాలు. మాటలకూ ఎస్సెమ్మెస్‌లకూ మాత్రమే, డేటా లేకుండా, విడిగా ప్యాకులు ఇవ్వాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది. అలాంటి ప్యాకులకు 365 రోజుల దాకా గడువు పెట్టవచ్చని కూడా చెప్పింది. కొట్టతను వాటిని తనంతట తాను చూపించడు, మీరే అడగాలి.

ఒకప్పుడు రాష్ట్రం దాటగానే రోమింగ్ అని విడిగా కోసేవారు. హోసూరు వంతెన దాటితే డబ్బు, ఇచ్ఛాపురం దాటితే డబ్బు. మామూలు ప్యాకుల్లో ఇప్పుడు ఆ బాధ లేదు. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు కూడా 2015 జూలై నుంచి దేశమంతటికీ వచ్చింది. షోలాపూర్‌లో తీసుకున్న నంబరును హైదరాబాదులోనూ ఉంచుకోవచ్చు. ఒక్క జమ్మూ కాశ్మీరు సంగతి వేరు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములను అక్కడ ఆపేస్తూ వచ్చారు, పోస్టుపెయిడ్ పలికేది. ఆపిల్ లోడుకు అటు వెళ్ళేవాళ్ళు బయలుదేరేముందే కంపెనీని అడిగి తేల్చుకోవాలి.

ఇక ప్యాకు. ఇక్కడ కొంచెం లెక్క చేద్దాం. నేను బడిపంతుల్ని, లెక్క లేకుండా నాకు గడవదు.

రోజుకు 2 జీబీ, 28 రోజులు అన్నారనుకోండి. మొత్తం 56 జీబీ అని మనం సంబరపడతాం. కానీ ఆ 56 మీ చేతికి ఒక్కసారిగా రావు. రోజుకు 2 మాత్రమే వస్తాయి, ఆ రోజు వాడుకోనిది అర్ధరాత్రికి పోతుంది. మీ ఇంటికి ఎవరో రోజూ రెండు శేర్ల బియ్యం తెచ్చిపోసి, రాత్రికి మిగిలినవి తిరిగి ఎత్తుకుపోతున్నారనుకోండి, అలాగ. ఒక మత్స్యకారుడు నెలలో రెండుసార్లు వేటకు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా 8 రోజులు సముద్రంలో ఉన్నాడు. 16 రోజులు సిగ్నల్ లేదు. అంటే 32 జీబీ వాడకుండానే పోయింది. డబ్బు 56కు కట్టాడు, చేతికొచ్చింది 24. ఒడ్డుకొచ్చిన రోజున పిల్లలతో వీడియోలో మాట్లాడి, పాటలు దించుకుని, సినిమా చూద్దామంటే ఆ రోజు కోటా 2 దాటగానే వేగం పడిపోతుంది. చాలా ప్యాకుల్లో అది 64 కేబీపీఎస్‌కు దిగుతుంది, అంటే ఫొటో ఒకటి తెరుచుకునేలోగా టీ చల్లారిపోతుంది.

పడవవాళ్ళకు కావలసింది రోజువారీ కోటా లేని ప్యాకు, అంటే గడువులోగా ఎప్పుడైనా వాడుకునే మొత్తం డేటా. ఇది రెండు విధాలుగా దొరుకుతుంది. చిన్న మాటల ప్యాకు వేసుకుని, దానిమీద ముప్పై రోజులో ఎంతో గడువున్న డేటా ప్యాకు విడిగా వేసుకోవడం ఒకటి. నెల చివర మిగిలిన డేటా పై నెలకు జమయ్యే పోస్టుపెయిడ్ తీసుకోవడం రెండోది. విడి డేటా ప్యాకు వేయించుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: దీని గడువు దీనిదేనా, లేక కింది ప్యాకు అయిపోతే ఇదీ పోతుందా? ఈ ఒక్కమాట అడగక సగం డేటా పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి రేవులోనూ ఉంటారు.

లారీ డ్రైవర్ల పరిస్థితి వేరు. వాళ్ళకు దాదాపు రోజూ ఎక్కడో ఒకచోట సిగ్నల్ దొరుకుతుంది కాబట్టి రోజువారీ ప్యాకు నష్టం కాదు. దారి చూపే పటానికి డేటా చాలా కొద్దిగా ఖర్చవుతుంది, గంటకు కొద్ది ఎంబీలే. వాట్సాప్‌లో మాట్లాడితే నిమిషానికి సుమారు అర ఎంబీ నుంచి ఒక ఎంబీ. వీడియోలో మాట్లాడితే అయిదు ఎంబీలో, అంతకన్నా ఎక్కువో. యూట్యూబులో మామూలు బొమ్మ అయితే గంటకు సుమారు అర జీబీ, బాగా స్పష్టమైన బొమ్మ అయితే ఒక జీబీ దాటుతుంది. అంటే పనికి సంబంధించిన వాడకమంతా కలిపినా రోజుకు ఒక జీబీ కాదు. మిగిలినదంతా క్లీనరు సినిమాలే!

5జీ అపరిమితం అని కొన్ని ప్యాకులమీద ఉంటుంది. 5జీ మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైంది. ఆ అపరిమితం 5జీ టవరు కింద ఉన్నంతసేపే. ఊరు దాటి ఫోను 4జీకి దిగగానే మళ్ళీ రోజు కోటాలోంచే ఖర్చవుతుంది. హైవేమీద ఎక్కువ కాలం గడిపేవాళ్ళు ఈ మాటకు అదనంగా డబ్బు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించాలి.

ప్రభుత్వ సంస్థ బీఎస్ఎన్ఎల్ గురించి కూడా అడుగుతుంటారు. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి దాని స్వదేశీ 4జీని ప్రారంభించారు. మారుమూల పల్లెల్లో చాలాచోట్ల మొదట వచ్చిన 4జీ ఇదే. అయితే ఒక చిక్కుంది. ఈ 4జీ కొంతభాగం 700 మెగాహెర్ట్జ్ తరంగాలమీద నడుస్తుంది. అవి దూరం పోతాయి, గోడలు దాటుతాయి, మంచివే. కానీ పాత 4జీ ఫోన్లలో కొన్నింటికి ఆ తరంగాలు అందవు. సిమ్ము కొనేముందు మీ ఫోను బ్యాండ్ 28ని పట్టుకుంటుందో లేదో అడగండి. పట్టుకోకపోతే తప్పు సిమ్ముది కాదు, ఫోనుది. ఇంకొక మేలు కూడా జరిగింది. ప్రభుత్వ నిధితో మారుమూల పెట్టిన 4జీ టవర్లను బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదార్లు ముగ్గురూ వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. అడవిదారిలో మీ సిగ్నల్ పోతే ఫోను సెట్టింగుల్లో నెట్‌వర్కు దగ్గరికి వెళ్ళి, వేరేదేదైనా కనబడుతుందేమో చూడండి.

ఇప్పుడు సిగ్నల్ బొత్తిగా లేని చోటుకు వద్దాం. డ్రైవరయితే బయలుదేరేముందే దారి పటాన్ని ఫోనులోకి దించుకోవాలి. రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేల రూపాయలు మించితే ఈ-వే బిల్లు ఉండాలి కదా. దాని గడువు మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు. బండి చెడి ఆలస్యమైతే, గడువు తీరడానికి ముందు 8 గంటల్లోనో, తీరిన తర్వాత 8 గంటల్లోనో పెంచుకోవాలి. సిగ్నల్ లేని ఘాట్‌లో బండి ఆగిపోతే యజమానికి కబురెలా? అందుకే ఘాట్ ఎక్కేముందే గడువు ఎంతుందో చూసుకుని, అనుమానముంటే అక్కడినుంచే ఒక మాట చెప్పడం మంచిది. బిల్లు కాగితమొకటి చేతిలో ఉంచుకుంటే మరీ మంచిది. సిగ్నల్ ఒక్క గీతే ఉన్నప్పుడు వాట్సాప్ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు మామూలు ఎస్సెమ్మెస్ పెట్టండి, చాలాసార్లు అది పోతుంది. ఆపదలో 112కు చేయండి. మీ కంపెనీ టవరు లేకపోయినా, వేరే కంపెనీ టవరు అందుబాటులో ఉంటే ఆ పిలుపు దాని ద్వారా పోయే వీలుంది.

సముద్రం మాత్రం దయ చూపదు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల 40 మీటర్ల టవరు నుంచి వచ్చే తరంగం, నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉన్న ఫోనుకు మహా అయితే 30 కిలోమీటర్ల దాకా అందాలి. అది కాగితం మీద లెక్క. చేతిలో ఫోనుతో, ఊగే పడవలో, అందులో సగాన్ని కూడా నమ్ముకోకూడదు. అది దాటాక ఎంత ఖరీదైన ప్యాకైనా ఒకటే. అక్కడ పనికొచ్చేవి వేరు. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానెల్ ఆపద పిలుపులకు. తీరరక్షక దళం నంబరు 1554, ఇది సిగ్నల్ ఉన్నంతవరకే. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ తుఫాను హెచ్చరికలూ, చేపలు దొరికే చోట్ల సమాచారమూ మన భాషలోనే పంపుతుంది. దానికోసం 2019లో జెమిని అనే పరికరం వచ్చింది. అది ఉపగ్రహం నుంచి కబురు అందుకుని ఫోనుకు చేరుస్తుంది, కానీ మనం తిరిగి జవాబివ్వలేం. రెండువైపులా కబురు నడిచే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు ఉచితంగా అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రారంభించారు. మీ పడవకు వచ్చిందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. రాకపోతే దరఖాస్తు సంగతి కనుక్కోండి.

ఈ పరికరం సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది కూడా. దాని విలువ ఉత్తరాంధ్ర కుటుంబాలకు బాగా తెలుసు. గుజరాత్ బోట్లలో పనికి వెళ్ళిన మనవాళ్ళను 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వాళ్ళలో 20 మంది వాఘా మీదుగా ఇల్లు చేరేసరికి 2020 జనవరి వచ్చింది. ఆ పద్నాలుగు నెలల్లో ఆ ఇళ్ళలో ఫోను మోగినప్పుడల్లా గుండె ఎలా కొట్టుకునేదో మీరే ఊహించుకోండి.

ఉపగ్రహ ఫోను తెప్పిస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. మన దేశంలో అనుమతి లేని ఉపగ్రహ ఫోను దగ్గరుంచుకోవడం నేరం.

ఇళ్ళలో ఉండే అమ్మలకు ఒక మాట. పడవ బయలుదేరేటప్పుడు, సిగ్నల్ ఎన్నాళ్ళు ఉండదో, ఏ రోజుకు ఒడ్డు చేరాలో అడిగి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఫోను స్విచ్ఛాఫ్ అని వచ్చినంతమాత్రాన కంగారు పడనక్కర్లేదు. ఆ గుర్తు పెట్టిన రోజు దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా మత్స్యశాఖకూ తీరరక్షక దళానికీ చెప్పాలి. పడవ నంబరూ, తోటి పడవవాళ్ళ నంబర్లూ కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఫోనులో ఉన్న నంబర్లు ఫోనుతోపాటే సముద్రంలోకి పోతాయి.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఫోను ఒడ్డునే ఉంటుంది, సిగ్నల్ రోజూ ఉంటుంది, కాబట్టి అప్పుడు మాత్రం రోజువారీ ప్యాకే లాభం. ఏప్రిల్ మొదట్లో 84 రోజులది వేస్తే నిషేధం తర్వాత కొన్ని రోజులు సముద్రంలో వృథా అవుతాయి. రెండు 28 రోజులవి వేసుకుని, జూన్ రెండో వారంలో మళ్ళీ మొత్తం డేటా ప్యాకుకు మారండి. సెలవు.