సినిమాకు డబ్బు ఎవరిస్తారు?

మొన్న ఎనిమిదో తరగతిలో పాఠం మధ్యలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, మన మరోదా మీద సినిమా ఎవరూ తీయరెందుకు?" మిగతా పిల్లలు నవ్వారు. నాకు మాత్రం అది మంచి ప్రశ్న అనిపించింది. షిఫ్టు డ్యూటీల నాన్నలు, ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, బదిలీ వచ్చినప్పుడల్లా కొత్త బడి. కథకేం తక్కువ? తక్కువైంది డబ్బు. సినిమాకు మొదటి టికెట్టు అమ్ముడుపోకముందే కెమెరా అద్దె నుంచి అందరి భోజనాల దాకా ఖర్చు పెట్టాలి. ఆ డబ్బు పెట్టేవాళ్లు ముందుగా "హీరో ఎవరు?" అని అడుగుతారు.

మీలో కొందరు సెలవుల్లో రైలెక్కి విశాఖపట్నం వెళ్తారు కదా, ఆ స్టేషనుకు దగ్గర్లోనే కంచరపాలెం ఉంది. వెంకటేశ్ మహా అనే కొత్త దర్శకుడు అక్కడి మనుషుల కథ రాసుకున్నాడు. పేరున్న హీరో లేడు. నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేటవాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లు. డబ్బు పెట్టింది అమెరికాలో గుండె వైద్యురాలైన పరుచూరి ప్రవీణ. సలీమా పాత్ర కూడా ఆవిడే వేశారు. సినిమా పూర్తయినా థియేటర్లు దొరకాలిగా! దగ్గుబాటి రానాకు సినిమా నచ్చింది. సురేశ్ ప్రొడక్షన్స్ అండతో 'కేరాఫ్ కంచరపాలెం' 2018 సెప్టెంబరు 7న విడుదలైంది. న్యూయార్క్‌లో జరిగే భారతీయ చిత్రోత్సవానికీ ఎంపికైంది.

అయితే అందరికీ అలాంటి డాక్టరమ్మ దొరకదు. అప్పుడేం చేయాలి?

వందేళ్ల కిందట అమెరికాలో ఆస్కార్ మిషో అనే నల్లజాతి రచయిత ఉండేవాడు. అతని నవలను సినిమాగా తీస్తామని ఒక కంపెనీ వచ్చింది కానీ, దర్శకత్వం అతనికివ్వడానికి ఒప్పుకోలేదు. అతను సొంత కంపెనీ పెట్టాడు. తన పుస్తకాలు ఇంటింటికీ తిరిగి అమ్మిన అలవాటుంది కదా, ఈసారి రైతుల దగ్గరికి వెళ్లి కంపెనీ వాటాలు అమ్మాడు. 1919లో 'ది హోమ్‌స్టెడర్' వచ్చింది. ఆ తర్వాత నలభైకి పైగా సినిమాలు తీశాడు.

మన దేశంలో ఇంతకంటే పెద్ద ముచ్చట జరిగింది. సికింద్రాబాద్ ప్రాంతంలో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్, గుజరాత్ పాల సహకార సంఘాల కథతో 1976లో 'మంథన్' తీశారు. నిర్మాతలు 5 లక్షలమంది పాడి రైతులు! తలా 2 రూపాయలు. లెక్క వేసుకోండి, 10 లక్షలు. విడుదలయ్యాక ఊళ్లకు ఊళ్లు లారీలెక్కి తమ సినిమా చూడటానికి వెళ్లాయి.

ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి కూడా లెక్క వేసింది. బడిలో తలా 2 రూపాయలు వేసుకుంటే కెమెరా అద్దెకు కూడా చాలదట. "ముందు కథ రాస్తాను సార్" అంది. రెండు పేజీలు తెచ్చింది, బాగున్నాయి. ఇంతలో వాళ్ల నాన్నకు బదిలీ ఆర్డరు వచ్చింది. మిగతాది కొత్త ఊరి నుంచి పంపిస్తుందట.