గైగర్ గొట్టం మూగబోయిన వేళ

2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో ఓ చిన్న కాపలాదారు ఉంది. పేరు చార్జ్‌డ్ పార్టికల్ మానిటర్. మీద పడే కణాలను లెక్కపెట్టడం, లెక్క హద్దు దాటితే తక్కిన పరికరాల హై వోల్టేజి తగ్గించుకోమని హెచ్చరించడం దాని పని. 650 కిలోమీటర్ల ఎత్తులో అంత భయం దేనికి?

జవాబు 1958 నాటిది. ఆ ఫిబ్రవరి 1న, మన గడియారంలో పొద్దున తొమ్మిది దాటాక, అమెరికా ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహాన్ని పంపింది. విశ్వకిరణాలను లెక్కపెట్టేందుకు జేమ్స్ వాన్ అలెన్ బృందం అందులో ఒకే ఒక్క గైగర్ గొట్టం అమర్చింది. కింద ఉన్నప్పుడు సెకనుకు ముప్పై దాకా కణాలు. పైకి పోతే సున్నా!

పరికరం చెడిందేమోనన్న అనుమానం వచ్చింది. మార్చి 26న వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-3లో అదే బృందంలోని జార్జ్ లడ్విగ్ తయారుచేసిన బుల్లి టేప్ రికార్డర్ ఉంది. అది ఒక చుట్టు మొత్తం లెక్కను దాచి ఇచ్చింది. లెక్క పెరిగింది, పైహద్దుకు తగిలింది, ఉన్నట్టుండి సున్నాకు పడింది, మళ్లీ లేచింది. చెడిపోయిన యంత్రం ఇంత పద్ధతిగా పడి లేవదు.

కిటుకంతా గొట్టంలోనే ఉంది. కణం దూరగానే లోపలి వాయువులో విద్యుత్తు పారుతుంది. తేరుకోవడానికి గొట్టానికి సెకనులో దాదాపు పదివేలో వంతు కావాలి. ఈలోగా ఇంకో కణం దూరితే పుట్టే సంకేతం బలహీనం; లెక్కించే సర్క్యూట్ దాన్ని పట్టించుకోదు. కణాలు ఎడతెరిపి లేకుండా కురిస్తే ఒక్కటీ లెక్కకెక్కదు. గుంటూరు మిరపకాయ ఒకటి కొరికితే నాలుక చురుక్కుమంటుంది. వరసగా పది నమిలితే మొద్దుబారి ఏమీ చెప్పదు. అంతమాత్రాన కాయలో కారం చచ్చినట్టా?

వాన్ అలెన్ బృందంలోని కార్ల్ మెక్‌ఇల్వెయిన్ అలాంటి గొట్టాన్నే ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టాడు. అంతరిక్షంలో గొట్టం మూగబోవాలంటే సెకనుకు 35 వేలకు పైగా కణాలు తగలాలని తేలింది. భూమి అయస్కాంత క్షేత్రం కణాలను బంధించి ఉంచిందని మే 1న వాన్ అలెన్ ప్రకటించాడు.

అంతకు ముందే, 1957 నవంబర్‌లో, సోవియట్ స్పుత్నిక్-2లోని సెర్గెయ్ వెర్నోవ్ పరికరానికీ కణాల పెరుగుదల కనిపించింది. ఆయన దాన్ని సూర్యుడి ఖాతాలో వేశాడు. ఉపగ్రహం బాగా ఎత్తుకు లేచేది దక్షిణార్ధగోళంలో. ఆస్ట్రేలియాలో పట్టిన సంకేతాలు ఆయన చేతికి రాలేదు.

మూగబోయిన గొట్టం నేర్పిన పాఠంతో, 1958 జులైలో వెళ్లిన ఎక్స్‌ప్లోరర్-4లో ఒక గొట్టానికి సీసం తొడిగారు. అదే జాగ్రత్తతో ఆస్ట్రోశాట్‌ను భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే తిప్పారు. అలా బందీ అయిన కణాల లోపలి పట్టీ కిందికి దిగేది దక్షిణ అట్లాంటిక్ మీద. ఈ కక్ష్య దాని అంచును మాత్రమే తాకుతుంది.