రెండు చెట్ల ఇంటిపేరు

మలేసియాలో ఉన్న మన తెలుగువాళ్లకి లిమ్ అనే పేరు కొత్త కాదు. దవాఖానాలో డాక్టర్ లిమ్, బళ్లో లిమ్ టీచరు, కారు బాగుచేసే లిమ్. పెనాంగ్‌లో పుట్టి పెరిగిన నాకు ఈ పేరు చెవుల్లో మోగని రోజు లేదు. నేను చైనా భాషలో పండితుణ్ణి కాను. ఇరుగుపొరుగుని అడిగీ, కొంత చదివీ తెలుసుకున్నది ఈ పూట మీతో పంచుకుంటాను.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి ఒక కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక అడ్డగీత గీసి, దాని మధ్యలోంచి ఒక నిలువుగీత గీయండి. ఆ రెండూ కలిసిన చోటునుంచి ఎడమకొకటి, కుడికొకటి కిందికి వాలుగా గీతలు గీయండి. అది చెట్టు. అలాంటివి రెండు పక్కపక్కన ఇరికిస్తే తోపు, అడివి. లిమ్ అంటే అదేనండీ. మూడు చెట్లు రాస్తే ఇంకా దట్టమైన అడివి. మూడు చెట్ల అక్షరాన్నీ రెండు చెట్ల అక్షరాన్నీ కలిపి ‘సెన్‌లిన్’ అంటే వాడుకలో అడివి. ఒక్క మాటలో ఐదు చెట్లన్నమాట!

మనకూ ఇలాంటి ఇంటిపేర్లున్నాయి. అడివి బాపిరాజు గారి ఇంటిపేరుని చైనా భాషలోకి మార్చమంటే నేను లిమ్ అనే అంటాను. ఇంటిపేరు ముందు, సొంత పేరు తరవాత చెప్పే పద్ధతి కూడా ఇద్దరిదీ ఒకటే.

చిక్కల్లా ఉచ్చారణతో వస్తుంది. పెనాంగ్‌లో ఎక్కువగా ఉన్న హొక్కియన్ వాళ్లు లిమ్ అంటారు. అదే అక్షరాన్ని బీజింగ్‌లో లిన్ అని, హాంగ్‌కాంగ్‌లో లమ్ అని చదువుతారు. సరవాక్‌లోని సిబు పట్నంలో ఫూచౌ వాళ్లు లింగ్ అంటారు. తెల్లదొరల కాలంలో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లీషులో రాసేశాడు. దాంతో ఒకే ఇంటిపేరు నాలుగైదు పేర్లయి కూర్చుంది. మన పార్లమెంటులో ఏళ్ల తరబడి చెరో పక్షాన కూర్చున్న లిమ్ కిట్ సియాంగ్, లింగ్ లియాంగ్ సిక్ గార్ల ఇంటిపేరు ఒక్కటేనని ఇంగ్లీషు పేపరు చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది? వియత్నాంలో ఇది లామ్, దక్షిణ కొరియాలో ఇమ్, ఉత్తర కొరియాలో రిమ్. జపాన్ వాళ్లు అక్షరం తీసుకుని, తమ మాటతో హయాషి అని చదువుకుంటారు. ఇండోనేసియాలో డచ్చి పద్ధతిలో ‘లియెమ్’ అని రాసేవారు. అక్కడ 1966లో చైనా సంతతివాళ్లని స్థానికమైన పేర్లు పెట్టుకోమని ప్రభుత్వం ఒత్తిడి చేసింది. అప్పుడు లియెమ్ సియో లియాంగ్ అనే పెద్ద వ్యాపారి సుదోనో సలిమ్ అయ్యారు. ఆ సలిమ్ చివర లిమ్ నక్కి ఉంది చూడండి.

అలాగని ప్రతి లింగూ, ప్రతి లమ్మూ అడివి కాదు. లింగ్ అని పలికే వేరే అక్షరం ఉంది, నీలం అనే అర్థమున్న ఇంకో లమ్ ఉంది. స్పెల్లింగు చూసి చుట్టరికం కలపకూడదు, స్పెల్లింగు చూసి కాదనీ అనకూడదు. అక్షరం చూడాలి.

ఈ ఇంటిపేరుకి ఒక పుట్టుకథ ఉంది. సుమారు మూడు వేల ఏళ్ల కిందట షాంగ్ వంశపు ఆఖరి రాజు పరమ క్రూరుడు. తప్పని చెప్పిన బి గాన్ అనే పెద్దాయన గుండె చీల్పించాడట. నిండు గర్భిణిగా ఉన్న ఆయన భార్య అడివిలోకి పారిపోయి కొడుకుని కన్నది. ఆ రాజుని ఓడించి గద్దెనెక్కిన వూ రాజు, అడివిలో పుట్టిన పిల్లవాడు కాబట్టి అడివి అనే ఇంటిపేరు ఇచ్చాడట. మన స్థలపురాణాల్లాంటిదే అనుకోండి. కానీ దాన్ని నమ్ముకుని లిమ్‌కి లిమ్ అన్నాచెల్లెళ్ల వరసని పెళ్లి కుదుర్చుకోని పాతకాలంవాళ్లు ఇంకా ఉన్నారు.

సముద్రం మీద వెళ్లేవాళ్లని కాపాడే మాజూ దేవత కూడా ఈ ఇంటి ఆడపడుచే. ఫూజియన్ తీరంలోని మెయిజౌ దీవిలో 960లో లిన్ వారింట పుట్టిందని చెబుతారు. అందరికీ ఆమె అమ్మవారు. లిమ్‌లకు మాత్రం తాతగారి అప్పచెల్లెలి వరస, అలాగే పిలుస్తారు కూడా. పెనాంగ్ వెల్డ్ కీ దగ్గర నీళ్లమీద కట్టిన లిమ్ జెట్టీ చూసినవాళ్లకి ఆ సముద్రంతో వాళ్ల బంధం వేరే చెప్పక్కర్లేదు. పాత లిమ్ ఇళ్ల గుమ్మాల మీద ‘పడమటి నది’ అని అర్థమొచ్చే రెండక్షరాల పలక ఉంటుంది. తమ మూలస్థానం అదని వాళ్ల లెక్క. ఇంట్లోవాళ్ల పేరు అడక్కుండానే ఇంటిపేరు చెప్పేయొచ్చు.

ఈ అక్షరం మామూలు మాటల్లోనూ తెగ తిరుగుతుంది. కుంగ్‌ఫూకి పేరుపడ్డ షావొలిన్ మఠం షావొషి కొండ అడివిలోది. బుద్ధుడు బసచేసిన వేణువనాన్ని చైనావాళ్లు జులిన్, అంటే వెదురుతోపు, అన్నారు. మన ‘వనం’ వాళ్ల రెండు చెట్లయింది. ఇక శబ్దం కోసమే వాడినవి తమాషాగా ఉంటాయి. బెర్లిన్ నగరం అక్షరాల ప్రకారం సైప్రస్ చెట్ల తోపు. లింకన్, స్టాలిన్, చాప్లిన్ ముగ్గురి పేర్లలోనూ ఈ అడివే. ఆఖరికి తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ మాత్రలో కూడా రెండు చెట్లున్నాయి. జిలిన్ రాష్ట్రం పేరు చూసి అక్కడ అడివి వెతక్కండి, అది మంచూ భాషలో ‘నది వెంబడి’ అనే మాటకి వచ్చిన రూపం.

మనం స్కూలు సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లే గెంటింగ్ కొండని 1965 నుంచి కట్టించినాయన లిమ్ గో తోంగ్ (1918–2007). గో తోంగ్ అనేది ఒక చెట్టు పేరే, రెండక్షరాల్లోనూ ఒక్కో చెట్టుంది. మొత్తం పేరులో నాలుగు చెట్లు! అడివి కొట్టి ఊరు కట్టినాయనకి ఆ పేరుండటం నాకెప్పుడూ వింతే. 2008, 2012 ఒలింపిక్స్ ఫైనల్లో మన లీ చాంగ్ వెయ్‌ని ఓడించిన లిన్ డాన్ కూడా ఈ ఇంటిపేరువాడే. లీ అనే అక్షరంలో ఒక చెట్టు, దాని కింద ఒక పిల్లవాడు ఉంటారు. ఒక చెట్టు మీద రెండు చెట్లు గెలిచాయని మా వీధిలో హాస్యమాడేవారు.

వాళ్ల గుర్తింపు కార్డు మీద కూడా రోమన్ అక్షరాలే ఉంటాయి. భాష మారినా, స్పెల్లింగు మారినా, గుమ్మం మీదా సమాధి రాయి మీదా ఆ రెండు చెట్లు మారలేదు. నా కార్డు మీద నా పేరు, తరవాత ‘అనక్ లెలాకి’కి పొట్టిరూపమైన ఎ, ఎల్ అక్షరాలు, ఆ తరవాత మా నాన్న పేరు. అంతే. తోటలో పనికొచ్చిన మా తాత ఇంటిపేరుకి చోటే లేదు. పెళ్లి సంబంధాలప్పుడు పెద్దవాళ్లు అడిగితే చెబుతాం. మా అబ్బాయి చెప్పగలడు గానీ రాయలేడు. మా అన్నగారి మనవలు చెప్పనూ లేరు.

అందుకని మొన్న ఉగాదికి చెక్క మీద మా ఇంటిపేరు తెలుగులో చెక్కించి గుమ్మం మీద, మామిడాకుల పైన పెట్టాను. ఎదురింటి లిమ్ గారు అదేమిటని అడిగి, రెండుసార్లు పలికి చూసి, “మీ పడమటి నదా?” అన్నారు. అవునన్నాను.