ముసలి కుక్కకు కొత్త ఇల్లు

మీ వీధిలో ఒక కుటుంబం ఉందనుకుందాం. వాళ్ళింట్లో టామీ అని ఒక కుక్క. దాని వయసు 10 ఏళ్ళు. ఇంటాయనకు దూరపు ఊరికి బదిలీ అయింది. అక్కడ అద్దెకు దొరికిన వాటాలో కుక్కను ఉంచడానికి ఇంటి యజమాని ఒప్పుకోలేదు. ఇప్పుడు టామీని ఏం చేయాలి?

ఇలాంటప్పుడు పెద్దవాళ్ళ నోట సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. “ఊరి చివర వదిలేస్తే సరి, ఎలాగో బతుకుతుంది” అన్నది మొదటిది. “ఇంత ముసలి కుక్కను ఎవరు తీసుకుంటారు? తీసుకున్నా అది కొత్తవాళ్ళకు మాలిమి కాదు. మొక్కై వంగనిది మానై వంగునా?” అన్నది రెండోది. సామెత మంచిదే. కాని సామెతనైనా సరే పరీక్షించి చూడడం సైన్సు పద్ధతి. ఈ రెండు మాటల్లో నిజమెంత ఉందో చూద్దాం, రండి.

7తో గుణిస్తే సరిపోతుందా?

ముందుగా టామీ వయసు సంగతి తేల్చుకుందాం. కుక్క వయసును 7తో గుణిస్తే మనిషి వయసు వస్తుందని మీరు వినే ఉంటారు. ఆ లెక్క సరైనది కాదని కాస్త ఆలోచిస్తే మీకే తెలుస్తుంది. ఏడాది నిండిన కుక్క పిల్లల్ని కనగలదు. 7 ఏళ్ళ మనిషో? రెండో తరగతి చదివే పసివాడు!

2020లో అమెరికాలోని శాన్‌డియాగో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు 104 లాబ్రడార్ జాతి కుక్కల డి.ఎన్.ఏ.ను పరిశీలించి ఒక కొత్త లెక్క ప్రకటించారు. వయసు పెరిగేకొద్దీ డి.ఎన్.ఏ.పై మిథైల్ సమూహాలనే చిన్న రసాయన గుర్తులు కొన్నిచోట్ల చేరుతూ, కొన్నిచోట్ల తొలగిపోతూ ఉంటాయి. చెట్టు కాండంలోని వలయాలను బట్టి చెట్టు వయసు చెప్పినట్లే, ఈ గుర్తులను బట్టి ప్రాణి వయసు అంచనా కట్టవచ్చు. కుక్కల గుర్తులను మనుషుల గుర్తులతో పోల్చి చూస్తే, 1 ఏడాది లాబ్రడార్ సుమారు 31 ఏళ్ళ మనిషికి సమానమని తేలింది. 4 ఏళ్ళది సుమారు 53 ఏళ్ళ మనిషికి, 10 ఏళ్ళది సుమారు 68 ఏళ్ళ మనిషికి సమానం. అంటే, కుక్క తొలి ఏళ్ళలో చాలా వేగంగా ఎదిగిపోతుంది. తర్వాత ఆ వేగం తగ్గుతుంది.

ఈ లెక్క లాబ్రడార్లది మాత్రమే. భారీ శరీరం గల జాతులు త్వరగా ముసలివవుతాయి. చిన్న జాతులు నిదానంగా ముసలివవుతాయి. ఏమైనా టామీ మీ తాతగారి ఈడుదని అనుకోవచ్చు.

ఎలాగో బతుకుతుందా?

తాతగారి శరీరంలో వచ్చే మార్పులే చాలావరకు టామీకీ వస్తాయి. కీళ్ళలో ఎముకల చివరలను కప్పి ఉంచే మెత్తని మృదులాస్థి అరిగిపోతుంది. లేవబోతే నొప్పి, మెట్లెక్కబోతే నొప్పి. పళ్ళు అరుగుతాయి, ఊడతాయి. చెవులు మందగిస్తాయి. మూత్రం ఎక్కువసేపు ఆపుకోలేదు.

ఇలాంటి కుక్కను ఊరి చివర వదిలేశారనుకోండి. అక్కడి వీధికుక్కలు తమ హద్దులోకి వచ్చిన కొత్తదాన్ని తరుముతాయి. టామీ పరుగెత్తలేదు, పోట్లాడలేదు. వెనకనుంచి వచ్చే లారీ హారను దానికి సరిగా వినపడదు. పుట్టినప్పటినుంచీ పళ్ళెంలో పెట్టిన పెరుగన్నం తిన్నదే గాని, తిండి వెతుక్కోవడం దానికి తెలియదు. కనుక “ఎలాగో బతుకుతుంది” అన్న మాట నిజం కాదు. ఆకలితోనో, దాహంతోనో బాధపడే పరిస్థితుల్లో తగిన కారణం లేకుండా ఒక జంతువును వదిలివేయడం మన దేశంలో నేరం కూడా. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది.

మాను వంగుతుందా?

ఇక రెండో మాట. ముసలి కుక్క కొత్తవాళ్ళకు మాలిమి అవుతుందా?

పసిపిల్లలకు తల్లిపై గల అనుబంధాన్ని గుర్తించడానికి మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఒక పరీక్ష రూపొందించారు. తల్లిని, బిడ్డను ఒక కొత్త గదిలో ఉంచుతారు. ఒక అపరిచితురాలు గదిలోకి వస్తుంది. తల్లి కాసేపు బయటకు పోయి, మళ్ళీ వస్తుంది. ఆ సమయంలో బిడ్డ ఎవరికోసం వెతుక్కుంటుందో, ఎవరి దగ్గర ధైర్యం తెచ్చుకుంటుందో గమనిస్తారు.

హంగరీ దేశపు రాజధాని బుడాపెస్టులో శాస్త్రజ్ఞులు ఇదే పరీక్షను కుక్కలకు పెట్టారు. ముందు యజమానులున్న కుక్కలను పరీక్షించి 1998లో ఫలితాలు ప్రకటించారు. కుక్కకు యజమానిపై ఉన్న అనుబంధం, బిడ్డకు తల్లిపై ఉన్న అనుబంధాన్ని పోలి ఉందని తేలింది. తర్వాత వాళ్ళు, యజమానులు లేక సంరక్షణ కేంద్రాల్లో ఉంటున్న కుక్కలను తీసుకున్నారు. అవి కూనలు కావు, ఎదిగిన కుక్కలు. ఒక కొత్త మనిషి ఒక్కొక్క కుక్కతో రోజుకు 10 నిమిషాల చొప్పున 3 రోజులు మాత్రమే గడిపాడు. నిమిరాడు, ఆడించాడు. ఆ తర్వాత పరీక్ష పెడితే, ఆ కుక్కలు అతనిపట్ల అనుబంధాన్ని స్పష్టంగా చూపాయి. 2001లో ప్రకటించిన ఈ ఫలితం ఆశ్చర్యకరమైనదే గదా! మొత్తం కలిపితే అరగంట పరిచయం!

మరి నేర్చుకునే శక్తి మాటేమిటి? ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 95 బోర్డర్ కోలీ కుక్కలకు తెరపై బొమ్మలు చూపి, సరైన బొమ్మను ముక్కుతో తాకడం నేర్పారు. వాటిలో 5 నెలల కూనలనుంచి 13 ఏళ్ళ ముసలివాటిదాకా ఉన్నాయి. ముసలి కుక్కలు నేర్చుకోవడానికి ఎక్కువ ప్రయత్నాలు పట్టాయి. కాని నేర్చుకున్నదాన్ని 6 నెలల తర్వాత గుర్తుంచుకోవడంలో చిన్నవాటికీ పెద్దవాటికీ తేడా కనబడలేదు. ఇది 2016లో వెలువడిన ఫలితం.

కనుక సామెతకు మనమొక సవరణ చేసుకోవచ్చు. ఈ మాను వంగుతుంది. కాకపోతే నిదానంగా వంచాలి.

మొదటి రోజులే కష్టం

కొత్తచోటికి వచ్చిన కుక్క తిండి ముట్టదు, మూల నక్కి కూర్చుంటుంది, రాత్రి మూలుగుతుంది. “దీనికి ఇక్కడ పడదు” అని కొందరు రెండోరోజునే తిప్పి పంపేస్తారు. తొందరపడకూడదు. దాని శరీరంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలి.

బెదిరినప్పుడు, దిగులుపడినప్పుడు మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కువగా స్రవిస్తాయి. మనకూ అంతే, కుక్కకూ అంతే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక సంరక్షణ కేంద్రానికి వచ్చిన కుక్కల రక్తాన్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు 1997లో ఒక విషయం చెప్పారు. వచ్చిన మొదటి 3 రోజుల్లో కార్టిసాల్ ఎక్కువగా ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి మొదటి 3 రోజులు చూసి కుక్క స్వభావాన్ని నిర్ణయించడమంటే, జ్వరంలో ఉన్న విద్యార్థికి పరీక్ష పెట్టి మార్కులు వేయడం లాంటిదే.

మార్చే పద్ధతి

ఇంతవరకు తెలుసుకున్నదాన్ని ఇప్పుడు టామీ విషయంలో ఉపయోగించి చూద్దాం.

మొదట, విడిపోవడం తప్పదా అని ఆలోచించాలి. కుక్కను ఒప్పుకునే ఇల్లు ఇంకొకటి దొరకవచ్చు. రైల్లో కుక్కను వెంట తీసుకువెళ్ళే ఏర్పాటు కూడా ఉంది. తప్పనిసరి అయితేనే కొత్త ఇల్లు వెతకాలి.

ఎలాంటి ఇల్లు? అల్లరి పిల్లలు, గంతులేసే కూనలు ఉన్న ఇల్లు ముసలి కుక్కకు పనికిరాదు. పగలంతా తాళం వేసి ఉండే ఇల్లూ పనికిరాదు. ఉద్యోగ విరమణ చేసి ఇంటిపట్టున ఉండే దంపతులు దీనికి తగినవారు. వాళ్ళకు కావలసింది పరుగులు పెట్టే కుక్క కాదు, సాయంత్రం పక్కన మెల్లగా నడిచే కుక్క. బంధువుల్లో, స్నేహితుల్లో అలాంటివారు లేకపోతే పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారిని అడగాలి. జంతు సంరక్షణ సంఘాలను అడగవచ్చు. 1992లో ఏర్పడిన హైదరాబాదు బ్లూక్రాస్ అలాంటిదే. ఇవ్వబోయే ముందు ఆ ఇంటిని పెద్దవాళ్ళు స్వయంగా చూసి రావాలి.

తర్వాత, మనుషుల్ని ముందు మార్చాలి, చోటును తర్వాత మార్చాలి. బుడాపెస్టు ప్రయోగం గుర్తుంది గదా! కొత్త యజమాని టామీ పాత ఇంటికే రోజూ వచ్చి కాసేపు దాన్ని నిమిరి, తిండి పెట్టి, వీధిలో తిప్పాలి. ఇలా కొన్నిరోజులు జరిగాక ఇల్లు మారిస్తే, కొత్తచోట దానికి తెలిసిన మనిషి ఒకరుంటారు.

దాని వాసనలు దానితో వెళ్ళాలి. కుక్కకు కంటికంటే ముక్కే ప్రధానం. అది పడుకునే పాత దుప్పటిని ఉతకకుండా అలాగే పంపాలి. పళ్ళెం కూడా పాతదే ఉండాలి. తిండిని ఒక్కసారిగా మార్చకూడదు. మొదట మూడువంతులు పాత తిండి, ఒకవంతు కొత్త తిండి కలిపి పెట్టి, వారం రోజుల్లో క్రమంగా మార్చాలి. లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాకొలెట్ కుక్కలకు విషమని కొత్తవాళ్ళకు చెప్పాలి.

నున్నని గచ్చుమీద ముసలి కుక్క కాళ్ళు జారతాయి. అది తిరిగే దారిలో గోనెపట్టాలు పరిస్తే చాలు. చెవులు మందగించినదాన్ని నిద్రలో హఠాత్తుగా ముట్టుకోకూడదు, ఉలిక్కిపడి కరవవచ్చు. నేలమీద కాలితో తట్టి, ఆ అదురుతో లేపాలి. పిలుపుకు బదులు చేతి సైగలు నేర్పాలి. కళ్ళలో నీలిబూడిద రంగు పొర కనిపిస్తే వెంటనే గుడ్డిదని అనుకోవద్దు. కంటి కటకంలో జీవితమంతా కొత్త పోగులు చేరుతూ ఉంటాయి. వాటి ఒత్తిడికి నడిమి భాగం గట్టిపడి అలా కనిపిస్తుంది. చూపు పెద్దగా తగ్గదు. తెల్లని శుక్లం వేరు. అది చూపును అడ్డుకుంటుంది. ఏది ఏదో డాక్టరుగారు పరీక్షించి చెబుతారు.

మొదటి కొన్ని వారాలు టామీని గొలుసు లేకుండా బయటకు వదలకూడదు. పాత ఇంటిని వెతుక్కుంటూ పోయి తప్పిపోవచ్చు. మెడ బెల్టుకు కొత్త యజమాని ఫోను నంబరు కట్టాలి.

పిల్లికైతే చోటుపైన మమకారం ఎక్కువ. దాన్ని మొదట ఒకే గదిలో ఉంచి, అలవాటుపడ్డాక మిగిలిన ఇల్లు చూపాలి. పిల్లి బుగ్గల్లో వాసన గ్రంథులుంటాయి. శుభ్రమైన గుడ్డతో దాని బుగ్గలు మెల్లగా తుడిచి, ఆ గుడ్డను గదిలోని కుర్చీకాళ్ళకు రుద్దితే, తన వాసనే ఎదురై త్వరగా కుదుటపడుతుంది.

మీరు చేయగల పని

మీకు తెలిసినవారెవరైనా ఇలా ఒక కుక్కనో పిల్లినో ఇవ్వవలసివస్తే, మీరొక పరిచయపత్రం తయారుచేసి ఇవ్వండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఇవి రాయండి: పేరు, వయసు, రేబిస్ టీకా వేయించిన తేదీ, ఉన్న జబ్బులు, వాడే మందులు, తినే వేళలు, పడుకునే చోటు, అర్థమయ్యే మాటలు, భయపడే శబ్దాలు, ఎప్పుడైనా ఎవరినైనా కరిచిందా అన్న సంగతి.

ఏదీ దాచకుండా రాయాలి. “కీళ్ళనొప్పి ఉందని చెబితే తీసుకోరేమో” అనిపిస్తుంది. కాని చెప్పకుండా ఇస్తే నాలుగు రోజుల్లో వాళ్ళకే తెలుస్తుంది. కుక్క మళ్ళీ వీధిన పడుతుంది. తెలిసి తీసుకున్నవాళ్ళే చివరిదాకా ఉంచుకుంటారు.

ఒక హెచ్చరిక. తెలియని కుక్క దగ్గరికి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకండి. తింటున్న కుక్కను ముట్టుకోకండి. ఏ కుక్క కరిచినా, గోళ్ళతో గీరినా, గాయాన్ని ధారగా పడే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పరిచయపత్రం రాయడానికి కూర్చుంటే మీకొక విషయం తెలుస్తుంది. చాలా ఇళ్ళలో పదేళ్ళు కుక్కను పెంచినవాళ్ళు కూడా అది ఏ శబ్దానికి బెదురుతుందో, ఎటువైపు తిరిగి పడుకుంటుందో వెంటనే చెప్పలేరు. అందుకని మీ ఇంట్లో కుక్క ఉంటే, దాన్ని ఎవరికీ ఇవ్వవలసిన అవసరం లేకపోయినా సరే, ఈ ఆదివారం ఒక కాగితం, పెన్సిలు తీసుకుని దాని దగ్గర కూర్చోండి. ఒక గంటసేపు గమనించి, చూసినదంతా రాయండి.